సగం, మూడోవంతు, పావు

సారు పోయిండని వాళ్ళ బిడ్డ జగిత్యాల నుంచి ఫోన్ చేసినప్పుడు నేను సిరిసిల్లల మా బడి వరండాల నిలబడి ఉన్న. వెనుక సందుల మరమగ్గాల చప్పుడుకు మాట సరిగ్గ ఇనబడలే. "అక్కా, నాయిన..." అన్నది మటుకు తెలిసింది. గేటు దాటి రోడ్డు మీదికి ఉరికి, "ఏమైందమ్మా, మల్లొకసారి చెప్పు" అన్న. పాపం, ఆ పిల్ల మల్ల చెప్పింది. పొద్దుగాల చాయ తాగి, పేపరు చదువుకుంట చదువుకుంటనే పానం ఇడిసిండట. ఒక బిడ్డతోని గటువంటి మాట రెండుసార్లు చెప్పిచ్చిన్నే అని నాకు ఇంకా మనసుల కలుక్కుమంటది.

మా బడి పెద్దసారుకు చెప్పి, వేములవాడ మీదికెళ్ళి పోయే బస్సెక్కిన. కిటికీ పక్కన కూసున్నంక ఏడుపు రాలే. ఆయన గురించి నలుగురికి ఎట్ల చెప్పాలె అన్న ఆలోచన వచ్చింది. ఆయన పేరు మీరు విని ఉండరు. ఆయనకు సన్మానాలు జరుగలే, ఆయన ఏ పుస్తకం రాయలే. మా ఊరి బడిల ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పిండు. అది కూడ రెండేండ్లు నిండలే. కని నాకు బతుకంతా సరిపోయేంత చెప్పి పోయిండు.

మా ఊరు కోరుట్ల నుంచి జగిత్యాల పోయే తొవ్వల ఉంటది. రోడ్డు దిగి లోపటికి కొంచెం దూరం నడవాలె. మా దిక్కంత కల్లోలిత ప్రాంతమని సర్కారు ప్రకటించిన తర్వాతి ఏండ్లవి. పగలు పోలీసు జీపు వచ్చేది, చీకటైతే అన్నలు వచ్చేటోళ్ళు. గోడల మీద ఎర్ర రాతలు, వాటి మీద సున్నం, సున్నం మీద మల్ల రాతలు. మా బాపు మగ్గం నేసేది, అమ్మ బీడీలు చేసేది. బడికి లెక్కల సారు రాక ఏడాది దాటింది. "అకరణీయ సంఖ్య అంటే పి బై క్యూ రూపంల రాయగలిగేది, క్యూ సున్న కావద్దు" అని మేము పద్యం తీరుగ అప్పజెప్పేటోళ్ళం. అంటే ఏందో ఎవలకూ ఎరుక లేదు.

సారు వచ్చిన మొదటిరోజు ఆ పద్యం మొత్తం విని, "మంచిది. ఇంతకు పి ఎవలు, క్యూ ఎవలు?" అని అడిగిండు.

వెనుక బెంచీ పిలగాడు లేచి, "క్యూ కోరుట్ల టాకీసు కాడ ఉంటది సార్" అన్నడు. కొడ్తడేమో అనుకున్నం. సారు కండ్లకెళ్ళి నీళ్ళు వచ్చేదాక నవ్విండు. "నిజమేరా, ఆ క్యూల మటుకు సున్న మంది ఎన్నడుండరు" అన్నడు. ఆ నవ్వుతోనే మా బడిల లెక్కలంటే భయం సగం పోయింది.

సైకిల్ మీద వచ్చేటోడు. అంగీ జేబుల సుద్దముక్కలు ఉండేటియి, ఉతికినా ఆ జేబు తెల్లగనే ఉండేది. చాయ సాసర్ల పోసుకొని తాగేది. ఎవలన్న జవాబు తప్పు చెప్తే తప్పు అనకపోయేది. "ఎట్ల అనుకొని చేసినవు?" అని అడిగేది. జవాబు సరైందైనా అదే అడిగేది. అందుకని ముందుగాల మాకు ఏది సరైందో, ఏది కాదో అర్థం కాకపోయేది. "జవాబు తర్వాత. తొవ్వ ముందు చెప్పు" అనుడు ఆయనకు అలవాటు.

ఒకనాడు బోర్డు మీద ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు అని రాసి నన్ను పిలిచిండు. నేను మీదివి మీద, కిందివి కింద కలిపి రెండు బై అయిదు అని రాసిన. అంతకు ముందటి సారైతే వీపు మోగేది. నేను కండ్లు మూసుకొని నిలబడ్డ.

"ఎట్ల అనుకొని చేసినవు బిడ్డా?"

"గుణించేకాడ మీదివి మీద, కిందివి కింద గుణించుమన్నరు కద సార్. కలిపేకాడ గట్ల ఎందుకు చేయద్దు?"

సారు సుద్దముక్క జేబుల వేసుకున్నడు. బోర్డు దిక్కు, నా దిక్కు చూసిండు. "మంచిగడిగినవు. ఇయ్యాల గీ ఒక్కటే లెక్క" అన్నడు.

"సగం జొన్నరొట్టె తిన్నవు. ఆకలి తీరలే. ఇంకో మూడోవంతు తిన్నవు. అంత కలిపి సగం కన్న ఎక్కువ తిన్నవా, తక్కువ తిన్నవా?"

"ఎక్కువే సార్."

"మరి నీ రెండు బై అయిదు సగానికి ఎక్కువనా?"

అయిదుల సగమంటే రెండున్నర. "తక్కువ సార్" అన్న.

"అంటే తిన్నకొద్ది తక్కువైతున్నదన్నట్టు. గట్లయితే మీ అమ్మకు పని తక్కువ."

క్లాసంత నవ్వింది. నేను సుత నవ్విన. సగం ఒక సైజు ముక్క, మూడోవంతు ఇంకో సైజు ముక్క, రెండు ఒక్క తీరు ముక్కలు కానిది కలుపరాదని ఆయన గీసి చూపెట్టిండు. ఆరో వంతులు చేసినం. మూడు, రెండు కలిపి అయిదు బై ఆరు. హారం ఒకటి ఎందుకు చేయాలెనో అప్పటిదాక నాకు ఎవలూ చెప్పలే. చేయాలె అని మటుకే చెప్పిండ్రు.

అక్కడితోని ఊకుంటే ఆయన మంచి సారు అని మాత్రమే గుర్తుండేటోడు. మల్ల జేబులకెళ్ళి సుద్దముక్క తీసి, "మరి గీమె చేసింది ఉత్తగనే పోయిందా?" అని బోర్డు పొడువునా ఒక గీత గీసిండు. దాని మీద మూడోవంతు పెట్టిండు, సగం పెట్టిండు. "రెండు బై అయిదు ఎక్కడుంటది చూడుండ్రి."

ఆ రెండిటి నడుమ ఉన్నది.

"ఇంకో రెండు సంఖ్యలు చెప్పుండ్రి. గీమె తీరుగనే చేసి చూద్దాం." ఎన్ని చెప్పినా, మీదివి మీద, కిందివి కింద కలిపితే వచ్చేది ఆ రెండిటి నడుమనే పడుతున్నది. వచ్చినదానికి, పాతదానికి నడుమ ఇంకోటి. దాని నడుమ ఇంకోటి. ఎంత దగ్గర పెట్టినా నడుమ జాగ ఒడవలే. గంట కొట్టిండ్రు, ఎవలం లేవలే. అకరణీయ సంఖ్యలకు సాంద్రత ధర్మం ఉంటదని చివరికి పుస్తకంల మాట చెప్పిండు. అప్పటికే దాన్ని మేము చూసినం. "కూడిక కాదు గది, గని దారి తప్పి మంచి కాడికే పోయినవు" అని నాతోని అన్నడు.

మా క్లాసుల హుషారు పిలగాడు ఒకడు, "అంటే ఇద్దరు కొట్లాడుకుంటున్నా నడుమ నిలబడెతందుకు జాగుంటదన్నట్టు సార్" అన్నడు.

సారు మొకంల నవ్వు పోయింది. "లెక్కను సామెత చేయకురా. లెక్క లెక్కే. మనుషుల నడుమ జాగుంటదో లేదో నాకేం ఎరుక" అన్నడు.

ఆ ఎండకాలం మొదట్లనే, బడికి సెలవులు ఇయ్యకముందే పంపకం జరిగింది.

మా ఊరి దొర అప్పటికే పట్నం పోయిండు. ఆయన పట్టుకున్న బంజరును పేదలకు పంచుతమని అన్నలు డప్పు కొట్టిచ్చి, పొద్దుండంగనే ఊరందరిని ఆ భూమి కాడికి రమ్మన్నరు. ఊర్లె కిరాయికుండే సారు సుత వచ్చిండు, రాకుంటే ఒక మాట, వస్తే ఒక మాట ఉండే రోజులు. బాపు పక్కన నేను నిలబడ్డ. తుపాకి భుజానికి తగిలేసుకున్న అన్న ఒకాయన మాట్లాడిండు. శాన చిన్న వయసు. జగిత్యాలల డిగ్రీ చదువుకుంట చదువుకుంట అడివికి పోయిండని అనుకునేటోళ్ళు.

"కూలోళ్ళకు సగం. మగ్గపోళ్ళకు మూడోవంతు. గొర్లకాపర్లకు పావు. రేపటి నుంచి దీని మీద లొల్లి ఉండద్దు" అన్నడు.

మంది చప్పట్లు కొట్టిండ్రు. నా కండ్ల ముందట బోర్డు కనబడ్డది. హారం పన్నెండు. ఆరు, నాలుగు, మూడు. పదమూడు.

"ఎక్కువైతున్నది!" అని నా నోట్లెకెళ్ళి ఎల్లింది.

చప్పట్లు ఆగినయి. బాపు చెయ్యి నా భుజం మీద పడ్డది.

"ఎవలన్నరు?" అన్న అడిగిండు. గదమాయించలే. కని తుపాకి ఉన్నోడు మెల్లగ అడిగినా గట్టిగనే ఇనబడ్తది.

మంది వెనుకకెళ్ళి సారు ముందటికి వచ్చిండు. "నేనే అన్న" అన్నడు.

"ఆడపిల్ల గొంతు లెక్క ఇనబడ్డది."

"లెక్క నేను చెప్పిందే. నేను అన్నట్టే."

సారు ఒక పుల్ల తీసుకొని నేల మీద పొడువుగ ఒక పెట్టె గీసిండు. దాన్ని పన్నెండు పాళ్ళు చేసిండు. "గిది భూమి. కూలోళ్ళకు సగమంటే గీ ఆరు పాళ్ళు. మగ్గపోళ్ళకు మూడోవంతు, గీ నాలుగు. మిగిలినయి రెండు. గొర్లకాపర్లకు పావంటే మూడు గావాలె. ఇంకో పాలు ఏడికెళ్ళి తెస్తరు? అన్ని కలిపితే ఒకటి దాటుతున్నది. ఉన్న భూమి ఒక్కటే."

అన్న ఆ గీతల దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఇంత మందిల, తను పంచిన పంపకాన్ని ఒక పంతులు తప్పు పట్టిండు. ఏమంటడో అని మా అందరి పానాలు నోట్లెకొచ్చినయి. ఆయన కూసొని, వేలుతోని ఒక్కొక్క పాలును ముట్టి చూసిండు.

"నాదే తప్పు సారూ" అన్నడు. "మరెట్ల చేద్దాం?"

"మీరు అనుకున్న తేడా గట్లనే ఉండాలెనంటే, భూమిని పదమూడు పాళ్ళు చేయుండ్రి. ఆరు, నాలుగు, మూడు."

గొర్లకాపర్లల్ల ఒక ముసలాయన లేచిండు. "అంటే మాకు పావు రాదా సారూ?"

"పావుకు కొంచెం తక్కువనే వస్తది పెద్దయ్యా. కూలోళ్ళకు సగానికి తక్కువనే, మగ్గపోళ్ళకు మూడోవంతుకు తక్కువనే. అందరికి తక్కువే, కని అందరికి ఒక్కతీరు తక్కువ."

ముసలాయన వేళ్ళ మీద లెక్కపెట్టుకొని, "గట్లయితే మంచిదే" అని కూసున్నడు. సారు పుల్ల పడేసి, చేతులు దులుపుకొని, మల్ల మంది వెనుకకు పోయిండు. నా పక్కకెళ్ళే పోయిండు కని నా దిక్కు చూడలే. ఎందుకు చూడలేదో నాకు శాన ఏండ్లకు గని తెలువలే.

కొన్ని రోజులకు, మేము క్లాసుల ఉండంగనే పోలీసులు వచ్చిండ్రు. సరిగ్గ అప్పుడే సారు, క్యూ ఎందుకు సున్న కావద్దో చెప్పుడు మొదలుపెట్టిండు. మాట నడుమల ఆపి, బోర్డు తుడిచేదాక ఆగుమని వాళ్ళను అడిగిండు. ఆగలే. జీపుల ఎక్కిచ్చుకొని పోయిండ్రు. బోర్డు మీద ఆ సగం రాత గట్లనే ఉండె. ఎవలం తుడవలే.

లోపల ఏం జరిగిందో సారు మాకు ఎన్నడు చెప్పలే. ఊర్లె తెలిసింది ఇంతే. భూమి పంచిన లెక్క నీదేనా అని అడిగిండ్రట, నాదే అన్నడట. తుపాకి పెట్టి చేయించిండ్రని రాసియ్యి, ఇడిసిపెడ్తమన్నరట. "తుపాకి లేకున్నా గంతే వస్తది" అన్నడట. ఆ మాట తర్వాత శాన రోజులు మా ఊర్లె నవ్వులకు సుత వాడిండ్రు. ఆయనకు ఆనాడు అది నవ్వులాట కాదు.

మల్ల బడికి వచ్చిననాడు సైకిల్ తొక్కుకుంట రాలే, నడిచి వచ్చిండు. కుడిచేతి వేళ్ళు దగ్గరికి రాకపోతుండె. మేము లేచి నిలబడ్డం. ఆయన బోర్డు దిక్కు చూసి, ఆ సగం రాత ఇంకా ఉన్నదని చూసి, "ఎక్కడ ఆపినం?" అని అడిగిండు.

"సున్నతోని భాగించుడు కాడ సార్" అన్నడు టాకీసు పిలగాడు.

సారు ఎడమచేతిల సుద్దముక్క పట్టుకున్నడు. వంకరటింకర అక్షరాలు. "పన్నెండుల నుంచి మూడు మూడు తీసుకుంట పోతే ఎప్పుడో ఒకప్పుడు ఒడుస్తయి. మరి సున్న తీసుకుంట పో. ఎప్పుడు ఒడుస్తయి?"

"ఒడువయి సార్."

"అయితే జవాబెంత?"

ఒకరు సున్న అన్నరు, ఒకరు పన్నెండు అన్నరు. సారు తల అడ్డం ఊపిండు. "దానికి జవాబు లేదు. జవాబు లేనికాడ లేదని చెప్పాలె. ఎవలో అడుగుతున్నరని ఏదో ఒకటి రాయద్దు."

మా క్లాసుల అందరం ఆ మాట రాసుకున్నం. పరీక్షల రాదని ఎరుకే.

ఆ భూమి సంగతి కూడ చెప్పాలె. పోలీసు క్యాంపు పడ్డంక అది కొన్నేండ్లు బీడుగనే ఉన్నది. తర్వాత్తర్వాత కొందరికి దక్కింది, కొందరికి దక్కలే. సారు గీసిన తీరుగ ఎన్నడు పంచుకోలే. ఆ చిన్న వయసు అన్న ఎన్‌కౌంటర్ల చచ్చిపోయిండని తెలిసిననాడు సారు బడి మెట్ల మీద చాయ ముట్టకుంట కూసున్నడు. "మందిల తప్పు ఒప్పుకున్నడు పిలగాడు. గది అందరితోని కాదు" అన్నడు. పోలీసోళ్ళ గురించి ఒక్క తిట్టు ఆయన నోట్ల నేను ఇనలే. అంతకుమించి అన్నల గురించి పొగడ్త కూడ ఇనలే.

ఆయనను కొడిమ్యాల దిక్కు ఒక ఊరికి బదిలీ చేసిండ్రు. మా బాపు కూడ ఇంక ఊర్లె ఉండుడు మంచిది కాదని సిరిసిల్లకు వచ్చి మరమగ్గాల సాంచెల మీద పనికి కుదిరిండు. కొత్త ఊరు, కిరాయి ఇల్లు. నన్ను బడి మాన్పిచ్చి అమ్మతోని బీడీలకు కూసోవెట్టిండ్రు. ఆకు కత్తిరించుకుంట నేను మనసుల హారాలు కలుపుకుంట ఉండేదాన్ని, అప్పుడు అదే నా ఆట.

ఒక సోమవారం సారు మా ఇల్లు అడుక్కుంట అడుక్కుంట వచ్చిండు. వేములవాడ మొక్కులోళ్ళతోని బస్సు నిండి, అంత దూరం నిలబడే వచ్చిండట. అమ్మ నీళ్ళిచ్చింది. సారు నా ముందటి చాట దిక్కు చూసిండు, ఆకు దిక్కు చూసిండు.

"పిల్లను బడికెందుకు తోలుతలేవు?" అని బాపును అడిగిండు.

"కూలి పైసలతోని ఇల్లు ఎల్లుతలేదు సారూ. ఆడపిల్ల. చదివినకాడికి చాలనుకున్నం."

"చాలదు. గీమె తప్పు చేస్తే సుత అండ్ల కొత్త సంగతి ఎల్లుతది. గటువంటి పిల్ల నాకు మల్ల దొరుకలే."

బాపు కిందికి చూసుకుంట, "మీరు చెప్పినంక కాదంటనా" అన్నడు. పంపకం రోజు మాట ఇద్దరిల ఒక్కరు కూడ ఎత్తలే. తెల్లారి నేను బడికి పోయిన.

నేను లెక్కల టీచర్ అయిన. సారు రిటైరై జగిత్యాలల ఇల్లు కట్టుకున్నంక అప్పుడప్పుడు పోయి కలిసేదాన్ని. పోయిన ఎండకాలం కూడ పోయిన. చూపు మందగించింది, పేపరు కండ్లకు ఆనిచ్చుకొని చదువుతున్నడు.

"మీ బడిల పిల్లలు ఇంకా రెండు బై అయిదు అంటున్నరా?" అని అడిగిండు.

"ప్రతి ఏడాది అంటున్నరు సార్."

"అననియ్యి. తొందరపడి దిద్దకు. ముందుగాల ఎట్ల అనుకున్నరో అడుగు." మల్ల పేపరు కింద పెట్టి, "మైనస్ సంఖ్యలకాడ మటుకు జాగ్రత్త. మైనస్ సగం పెద్దదా, మైనస్ మూడోవంతు పెద్దదా అంటే పెద్దోళ్ళు సుత తొట్రుపడ్తరు" అన్నడు. ఆయనతోని నేను మాట్లాడిన ఆఖరి మాటలు గవే. మైనస్ సంఖ్యల గురించి.

జగిత్యాలల బస్సు దిగి ఇంటికి పోయేవరకు ముసురు పట్టింది. సారు ఇంటామె లోపలి అర్రల గోడకు ఒరిగి కూసున్నది. నా చెయ్యి పట్టుకొని పక్కన కూసోవెట్టుకున్నది.

"నీకొక సంగతి చెప్పద్దని ఒట్టు వెట్టించుకున్నడు. ఇగ ఆ ఒట్టు ఎవలకోసం?" అన్నది. "లోపలేసినప్పుడు వాళ్ళు గుచ్చిగుచ్చి అడిగింది భూమి గురించి గాదు బిడ్డా. ముందుగాల 'ఎక్కువైతున్నది' అన్న పిల్ల ఎవలు, ఎవల బిడ్డ, వాళ్ళ నాయిన అన్నల సంఘంల ఉన్నడా అని. చెయ్యి గందుకే గట్లయింది."

నేను ఆమె దిక్కు తిరిగి కూసున్న.

"ఏమని చెప్పిండమ్మా?"

"మా క్లాసుల ఎవలను లేపినా ఆ లెక్క చెప్తరు, ఎవలన్నరో నేనెట్ల చెప్పాలె అన్నడట." ఆమె కండ్లు తుడుచుకున్నది, నవ్వింది కూడ. "ఇంటికొచ్చినంక నాతోని ఏమన్నడెరికేనా? బతుకుల ఒక్క అబద్ధం ఆడినే, క్లాసుల సగం మందికి ఇంకా క.సా.గు. కూడ వస్తలేదు అన్నడు."

ఆనాడు మందిల నా పక్కకెళ్ళి పోయినప్పుడు నా దిక్కు ఎందుకు చూడలేదో అప్పుడు తెలిసింది. ఆ చూపు ఎవలన్న చూస్తరని. నేను ఆమె ఒళ్ళె తల పెట్టి ఏడ్చిన. ఆమె నా వీపు నిమురుకుంట, "ఇగో, గిందుకే చెప్పద్దన్నడు" అన్నది.

బయట వరండాల సారును పడుకోబెట్టిండ్రు. సందు సన్నగుంటది. కోరుట్ల నుంచి, మా ఊరి నుంచి, కొడిమ్యాల దిక్కుకెళ్ళి, నాకు ఎరుక లేని ఎన్నో ఊర్ల నుంచి ఆయన దగ్గర చదువుకున్నోళ్ళు వచ్చి సందంత నిండిండ్రు. ఆటో నడిపేటోళ్ళు, రైతులు, ఒక డాక్టరు, పసుపు వ్యాపారం చేసేటోళ్ళు, రిటైరైనోళ్ళు. ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నరని సారు అల్లుడు గడప మీదికి వచ్చి, "జర లైన్ల రాండ్రి, అందరికి చూపు దొరుకుతది" అన్నడు.

ఎట్ల నిలబడాలెనో ఎవలూ చెప్పలే. తెల్ల వెంట్రుకలోళ్ళు, బట్టతలలోళ్ళు ఒకరినొకరు చూసుకొని, జరిగి, పొట్టోళ్ళు ముందుకు, పొడుగోళ్ళు వెనుకకు పోయి నిలబడ్డరు, బడిల ప్రార్థనకు నిలబడ్డట్టు. నేను పొట్టిదాన్ని. ముందటికి పోయి నిలబడ్డ. ముసురుల తడుసుకుంట, చేతులు కిందికి పెట్టుకొని, అట్లనే నిలబడ్డం.